సంతకం మనది.. స్కోరు ఎవరిది?

అంపైర్ లేకుండా ఆడే ఆట అనగానే మాకు చిన్నప్పటి కర్రాబిళ్ల గుర్తుకొస్తుంది. కొట్టినవాడే బిళ్ల ఎంత దూరం పోయిందో కంటితో అంచనా వేసి, ఇన్ని కర్రలు అని అడిగేవాడు. అవతలి జట్టుకు అనుమానమొస్తే కర్ర పెట్టి కొలిచేవాళ్లు. అడిగినదానికన్నా దూరం తక్కువొచ్చిందా, వాడి ఆట పోయినట్టే. ఉన్నదానికన్నా తక్కువ అడిగాడనుకోండి, ఎవరూ కొలవరు, అడిగిందే దక్కేది. మా ఊరి చెరువు గట్టు మీద ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలీదుగానీ, గోల్ఫ్‌లో స్కోరు రాసే నిబంధన కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. దీని మీద ఇక్కడ మనవాళ్లలో ఈ మధ్య పెద్ద వాదనే నడిచింది. అందుకే నాలుగు ముక్కలు రాయాలనిపించింది.

గోల్ఫ్ అంటే మనవాళ్లకు ఇంకా గోల్కొండ కోట పక్కన పచ్చిక, ఐఏఎస్ అధికారులు, కంపెనీ యజమానులే కళ్లముందు మెదులుతారు. ఆస్ట్రేలియాలో సంగతి వేరు. మెల్‌బోర్న్‌లో శాండ్‌బెల్ట్ అని పిలిచే ఇసుక నేలల మీద రాయల్ మెల్‌బోర్న్, కింగ్‌స్టన్ హీత్ లాంటి పెద్ద క్లబ్బులు ఉన్నమాట నిజమే. వాటి సభ్యత్వం మాలాంటివాళ్లకు అందని ద్రాక్షే. కానీ స్థానిక కౌన్సిళ్ల కోర్సులు, శివార్లలోని చిన్న క్లబ్బులు కూడా చాలానే ఉన్నాయి. శనివారం పొద్దున అక్కడ ప్లంబరు, ట్రక్కు డ్రైవరు, స్కూలు టీచరు, రిటైరైన పోలీసాయన ఒకే గుంపులో ఆడుతుంటారు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివి, ఇక్కడ కన్‌స్ట్రక్షన్ సైట్ల మీద సూపర్‌వైజర్లుగా చేస్తున్న మేము నలుగురైదుగురం కూడా ఆ గుంపుల్లో కలిశాం. కొన్నవి సెకండ్‌హ్యాండ్ క్లబ్బులే, కారు డిక్కీలో సేఫ్టీ బూట్ల పక్కనే పడుంటాయి. మాలో ఒకాయన బాగానే కొడతాడు. మిగతావాళ్లం ఎక్కువసేపు చెట్లల్లో బంతులు వెతుకుతాం.

ఇంతకీ నిబంధన ఏమిటంటే.. పోటీ మొదలయ్యేటప్పుడు మీ కార్డు పక్కవాడికిస్తారు, ఆయన కార్డు మీరు తీసుకుంటారు. మీరు ఒక్కో హోల్‌లో ఎన్ని షాట్లు కొట్టారో ఆయన రాస్తాడు. ఆయన్ని మార్కర్ అంటారు. ఆట అయ్యాక ఆయన సంతకం చేసి కార్డు మీ చేతికిస్తాడు. మీరు చూసుకుని, మీరూ సంతకం పెట్టి కమిటీకి ఇచ్చేయాలి. ఇచ్చాక ఇక దిద్దడానికి లేదు. ఏదైనా హోల్‌కు మీరు నిజంగా కొట్టినదానికన్నా ఎక్కువ రాసి ఉంటే ఆ ఎక్కువే మీ స్కోరు. తక్కువ రాసి ఉంటే మీ మీద అనర్హత వేటు. రాసింది పక్కవాడు కదా అంటే కుదరదు. హోల్ హోల్‌కూ స్కోరు సరిగ్గా ఉందో లేదో చూసుకోవాల్సింది ఆడినవాడే.

ఇందులో మాకు బాగా నచ్చిన ముక్క ఇంకొకటుంది. కూడిక మీ బాధ్యత కాదు. పద్దెనిమిది అంకెలు కలిపి మొత్తం ఎంతో తేల్చేది కమిటీ. 2023 నిబంధనలు వచ్చాక కార్డు మీద హ్యాండిక్యాప్ రాయాల్సిన బాధ్యత కూడా ఆటగాడికి లేదు. అంటే మీకు లెక్కలు రాకపోయినా ఫర్వాలేదు, కళ్లముందు జరిగింది నిజంగా చెబితే చాలు. కొట్టినవాడికి మాత్రమే తెలిసే విషయాన్ని కొట్టినవాడినే అడుగుతున్నారు. ఆఫీసులో కూర్చున్నవాడు చేయగలిగే పనిని ఆఫీసుకే వదిలారు. మన దగ్గర ఏ దరఖాస్తు ఫారం తయారుచేసినవాడికీ ఈ పాటి ఇంగితం తట్టలేదు!

ఇక జరిగిన సంగతి. మాతో ఆడే మిత్రుడొకరు, కరీంనగర్ వైపు వాడు, ఒక శనివారం స్టేబుల్‌ఫోర్డ్ పోటీలో 38 పాయింట్లతో రెండో స్థానంలో ఉన్నాడు. (స్టేబుల్‌ఫోర్డ్ అంటే షాట్లను పాయింట్లుగా మార్చే పద్ధతి. హ్యాండిక్యాప్ తీసేశాక పార్ వస్తే రెండు, ఒకటి ఎక్కువైతే ఒకటి, ఒకటి తక్కువైతే మూడు. ఇంగ్లండ్‌లోని వాలసీ క్లబ్బులో 1932లో ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ అనే డాక్టరు మొదలుపెట్టాడు. ఇక్కడి క్లబ్బుల్లో శనివారం పోటీలకు చాలాచోట్ల ఇదే.) ఇంటికెళ్తూ కారులో ఉన్నట్టుండి అడిగాడు. ‘‘అన్నా, పన్నెండో దాంట్ల నాది ఆరు గదా? నీళ్లల్ల పడ్డ బంతికి పెనాల్టీ కలిపిన్రా?’’ కలపలేదు. మార్కర్‌గా ఉన్న పెద్దాయన ఐదు రాశాడు, మనవాడు చూడకుండా సంతకం పెట్టాడు. ఆ హోల్‌లో మనవాడికి హ్యాండిక్యాప్ షాట్ ఒకటుంది కాబట్టి ఐదైతే రెండు పాయింట్లు, ఆరైతే ఒక్కటే. 38 కాదు, 37. కారు పక్కకాపి క్లబ్బుకు ఫోన్ చేసి చెప్పాడు. ఫలితాలు ఇంకా ఖరారు కాలేదు. కమిటీవాళ్లు థాంక్స్ చెప్పి, పేరు కొట్టేశారు.

ఆ తర్వాత కార్తీక వనభోజనాల్లో పులిహోర విస్తళ్ల దగ్గర ఇదే చర్చ. నిజం ఒప్పుకున్నవాడికి శిక్షా? ఒక్క పాయింటు తగ్గిస్తే సరిపోయేది కదా? రాసిన తెల్లాయనకు ఏమీ లేదు, మనవాడికే వేటా? చివరికి ఒక పెద్దమనిషి ‘‘అదే వాళ్లవాడైతే ఇలా చేసేవారా బాబూ?’’ అనేశారు. అక్కడున్నవాళ్లలో సగంమంది తలూపారు.

ఈ దేశంలో మన రంగు చూసి, మన యాస విని వేరుగా చూసేవాళ్లు లేరని మేము అనం. సైట్ల మీద మేము చూసిందీ, విన్నదీ ఉంది. కానీ ఆ మాటను ఎక్కడపడితే అక్కడ వాడితే, నిజంగా వాడాల్సిన చోట దానికి విలువ ఉండదు. ఈ నిబంధన కింద వేటు పడ్డవాళ్ల జాబితా చూస్తే అందులో ఎవరున్నారో తెలుస్తుంది.

1968 ఏప్రిల్ 14. అమెరికాలో అగస్టాలో మాస్టర్స్ చివరి రోజు. అర్జెంటీనా ఆటగాడు రాబర్టో డి విసెంజోకు ఆ రోజే 45 ఏళ్లు నిండాయి. పదిహేడో హోల్‌లో మూడు షాట్లలో ముగించాడు. అక్కడున్న జనం చూశారు, టీవీలో దేశమంతా చూసింది. మార్కర్‌గా ఉన్న టామీ ఆరన్ నాలుగు రాశాడు. డి విసెంజో సంతకం పెట్టేశాడు. 65 కాస్తా 66 అయింది. బాబ్ గోల్బీతో సమానంగా నిలిచి మర్నాడు ప్లేఆఫ్ ఆడాల్సినవాడు ఒక్క షాట్ తేడాతో టైటిల్ పోగొట్టుకున్నాడు. నిందించాల్సి వస్తే తననే నిందించుకున్నాడు గానీ ఆరన్‌ను ఒక్కమాట అనలేదు. ఆ టామీ ఆరనే 1973లో అదే మాస్టర్స్ గెలిచాడు. ఆ చివరి రోజు తన మార్కర్ ఒక హోల్‌కు ఒక షాట్ ఎక్కువ రాస్తే, సంతకానికి ముందే పట్టుకుని దిద్దించుకున్నాడు. అయిదేళ్ల కిందటి పాఠం ఆయన మరచిపోయి ఉండడు.

1957లో జాకీ పంగ్ కథ మరీ బాధ కలిగిస్తుంది. హవాయి నుంచి వచ్చిన ఆమె న్యూయార్క్ దగ్గర వింగ్డ్ ఫుట్‌లో అమెరికా మహిళల ఓపెన్‌ను 298తో గెలిచినట్టే అనుకున్నారు. నాలుగో హోల్‌లో ఆరు కొట్టింది, కార్డు మీద ఐదు ఉంది. మొత్తం మాత్రం 72 అని సరిగ్గానే రాసి ఉంది. కానీ పైన చెప్పాం కదా, నిబంధన చూసేది మొత్తాన్ని కాదు, హోల్ హోల్‌కూ స్కోరునే. అనర్హత వేటు పడింది. 299 కొట్టిన బెట్సీ రాల్స్‌కు టైటిల్ వెళ్లింది. క్లబ్బు సభ్యులు మనసాగక అక్కడికక్కడే చందాలేసి మూడు వేల డాలర్లకు పైగా ఆమెకు అందించారు. పంగ్‌తో ఆడిన బెట్టీ జేమ్సన్ కార్డులోనూ అలాంటి తప్పే దొర్లి, ఆమె కూడా బయటికెళ్లింది. నిబంధనను గౌరవించడం, మనిషిని ఆదుకోవడం రెండూ ఒకే సాయంత్రం జరిగాయి. మాకు ఇందులో వైరుధ్యం ఏమీ కనిపించదు.

2000లో ఇంగ్లండ్‌లోని ది బెల్‌ఫ్రీలో ఐర్లండ్ ఆటగాడు పాడ్రెగ్ హారింగ్టన్ మూడు రౌండ్లు అయ్యేసరికి ఐదు షాట్ల ముందున్నాడు. మొదటి రోజు కార్డు మీద అతని సంతకమే లేదని చివరి రౌండుకు ముందు బయటపడింది. ఇంటికి పంపేశారు. 2003 బ్రిటిష్ ఓపెన్‌లో మార్క్ రో మూడో రౌండులో 67 కొట్టి, ఆధిక్యంలో ఉన్నవాడికి రెండే షాట్ల దూరానికి వచ్చాడు. మర్నాడు టైగర్ వుడ్స్‌తో కలిసి ఆడాలి. తీరా చూస్తే ఆ రోజు తనూ, యెస్పర్ పార్నెవిక్కూ మొదట్లో కార్డులు మార్చుకోవడమే మరచిపోయారు. ఒకరి స్కోరు ఇంకొకరి పేరున్న కార్డు మీద పడింది. ఇద్దరికీ వేటు. ఇది మాత్రం అన్యాయమే. అంకెలన్నీ నిజమే, పేరొక్కటే తారుమారు. తర్వాత నిబంధనలు చూసే సంస్థలు కూడా ఇందులో మెత్తబడ్డాయి. ఇప్పుడలా జరిగితే కమిటీయే పేర్లు సరిచేయవచ్చు.

ఇవన్నీ పాత కథలనుకుంటే 2024 ఫిబ్రవరి చూడండి. జోర్డాన్ స్పీత్ ఇక్కడివాళ్లకు బాగా తెలిసినవాడు. ఆస్ట్రేలియన్ ఓపెన్‌ను 2014లో ఒకసారి, 2016లో ఒకసారి గెలుచుకుపోయాడు. కాలిఫోర్నియాలోని రివియేరాలో రెండో రౌండు నాలుగో హోల్‌లో నాలుగు కొట్టాడు, కార్డు మీద మూడు ఉంది. సంతకం పెట్టి బయటికొచ్చాడు. అంతే, వేటు. టీవీ కెమెరాలున్నాయి, ప్రతి షాట్‌నూ కొలిచి కంప్యూటర్లోకి ఎక్కించే ఏర్పాటుంది. అయినా కార్డే ప్రమాణం. స్పీత్ కూడా తప్పు తనదేనని చెప్పి ఊరుకున్నాడు. కోట్లు సంపాదించే స్పీత్‌కే తప్పని వేటు మా కరీంనగర్ మిత్రుడికి పడితే, రంగు చూసి చేశారని ఎలా అంటాం?

మార్కర్‌కు శిక్ష లేదన్నది రెండో ఫిర్యాదు. మార్కర్ తెలిసీ తప్పు స్కోరుకు సంతకం పెడితే అతని మీదా వేటు పడుతుంది. తెలియక రాస్తే పడదు. మా వాడి విషయంలో పెద్దాయన నిజంగానే మరచిపోయాడు. కానీ మార్కర్ పని తేలికని ఎవరూ అనుకోకూడదు. ఆస్ట్రేలియావాళ్లకు ఇందులో కొంచెం చరిత్రే ఉంది. 1948లో నార్మన్ వాన్ నైడా అనే ఇక్కడి ఆటగాడు టెక్సస్‌లో హెన్రీ రాన్సమ్‌తో ఆడుతూ, ఒక చిన్న పుట్ దగ్గర ఆయన ఆడి తప్పిపోయింది లెక్కలోకి రావాల్సిందేనని పట్టుబట్టాడు. మాటామాటా పెరిగి చేతులదాకా పోయింది. 1995లో గ్రెగ్ నార్మన్ ఇంకో అడుగు ముందుకేశాడు. వరల్డ్ సిరీస్ పోటీలో మార్క్ మెకంబర్ పుట్ దారిలో నేలను సరిచేశాడని ఆరోపించి, ఆయన కార్డు మీద సంతకం పెట్టనన్నాడు. తాను తీసింది ఒక పురుగునని మెకంబర్ అన్నాడు, అధికారులు ఆ మాటే నమ్మారు. నార్మన్ ఆ పోటీ గెలిచాడుగానీ ఆ సంతకం మాత్రం పెట్టలేదు. ఆయన అన్నది నిజమో కాదో మనం తేల్చలేం. తనకు నమ్మకం లేని కాగితం మీద సంతకం పెట్టకపోవడం మాత్రం మాకు నచ్చింది. మరుసటి ఏడాది, 1996లో, కనెటికట్‌లో ఇదే నార్మన్ తాను వాడుతున్న బంతుల మీది గుర్తు ఆమోదించిన జాబితాలో లేదని తెలియగానే తనే చెప్పి పోటీ నుంచి తప్పుకున్నాడు. కిందటేడాది ఆ పోటీ గెలిచింది ఆయనే.

మనం క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లం. అక్కడ న్యాయం అంపైర్ పని. 2003 ప్రపంచకప్ సెమీఫైనల్లో శ్రీలంక మీద ఆడం గిల్‌క్రిస్ట్ అంపైర్ ఔటివ్వకపోయినా తనంతట తానే వెళ్లిపోతే ప్రపంచమంతా వింతగా చెప్పుకుంది. 2008 సిడ్నీ టెస్టులో ఆండ్రూ సైమండ్స్ 30 పరుగుల దగ్గర ఇషాంత్ శర్మ బంతికి బ్యాట్ తగిలి క్యాచ్ వెళ్లినా, అంపైర్ ఇవ్వలేదు కాబట్టి ఆగి 162 చేశాడు. బ్యాట్ తగిలిందని సాయంత్రం తనే చెప్పాడు. ఆ రోజు మనవాళ్లు ఎంత మండిపడ్డారో గుర్తుందిగా! ఆ ఏడాదే ఇద్దరూ డెక్కన్ చార్జర్స్ జెర్సీ వేసుకుని హైదరాబాద్‌లో ఆడారు, మనం ఇద్దరికీ చప్పట్లు కొట్టాం. సైమండ్స్ ఇప్పుడు లేడు, 2022లో పోయాడు. క్రికెట్ నిబంధన ప్రకారం ఆయన చేసింది తప్పు కాదు, బాధ్యత అంపైర్ మీద ఉంది. గోల్ఫ్‌లో గిల్‌క్రిస్ట్ చేసిన పనికి ఎవరూ చప్పట్లు కొట్టరు. అది అక్కడ గొప్పతనం లెక్కలోకి రాదు, మామూలు పని. నిజం చెప్పినందుకు శిక్ష వేశారని మనవాళ్లు అనడం ఇందుకే పొరపాటు. నిజం చెప్పినందుకు కాదు, అంతకు ముందు చూడకుండా పెట్టిన సంతకానికి పడింది వేటు.

సంతకం అంటే ఏమిటో మాకు సైట్లు నేర్పాయి. ఊళ్లో ఇరిగేషన్ పనుల్లో ఎం-బుక్ చూసినవాళ్లం. ఇంజినీరు కొలతలు ఎక్కిస్తాడు, కాంట్రాక్టరు ఒప్పుకుని సంతకం పెడతాడు, ఆ పైన బిల్లు. కాలువ కట్ట మీద కొలిచిందెంత, పుస్తకంలో ఎక్కిందెంత అన్నది వేరే పురాణం, ఇక్కడ వద్దు. ఇక్కడ మా రోజు కాంక్రీటు డాకెట్‌తో మొదలవుతుంది. మిక్సర్ ట్రక్కు రాగానే డ్రైవరు ఒక చీటీ ఇస్తాడు. ఏ గ్రేడు, ఎన్ని క్యూబిక్ మీటర్లు, ప్లాంటులో ఎన్నింటికి కలిపారు, స్లంప్ ఎంత, దారిలోగానీ సైట్ మీదగానీ నీళ్లు పోశారా, అన్నీ అందులో ఉంటాయి. మేము ఎన్-32 అడిగితే ఎన్-25 వచ్చిందనుకోండి, చూడకుండా సంతకం పెట్టి స్లాబు పోయించామనుకోండి, ఇరవై ఎనిమిది రోజుల తర్వాత సిలిండర్ పగలగొట్టినప్పుడు ల్యాబులో ఉండేది మా సంతకమే. డ్రైవరు తప్పిచ్చాడంటే ఎవరూ వినరు. ఆ చీటీ చదవడానికి అర నిమిషం పడుతుంది. వెనక ఇంకో ట్రక్కు హారన్ కొడుతుంటుంది, పంపు ఆపరేటరు అరుస్తుంటాడు. ఆ అర నిమిషం కోసమే మాకు జీతమిస్తున్నారని మేము అనుకుంటాం.

అందుకే పద్దెనిమిదో హోల్ అయిపోయాక కార్డు చూడటానికి రెండు నిమిషాలు లేవనే మాట మాకు ఎక్కదు. ఫోన్లోనే స్కోరు ఎక్కించే క్లబ్బులు ఇప్పుడు పెరిగాయి. మార్కర్ ఎక్కించినదీ మీరు ఎక్కించినదీ తేడా వస్తే కొన్నింట్లో అక్కడే పట్టిస్తుంది. మంచిదే. కానీ ఇద్దరూ కలిసి నీళ్లలో పడ్డ బంతిని మరచిపోతే ఏ ఫోనూ పట్టుకోలేదు.

ఒక్క పాయింటు తగ్గిస్తే పోయేదిగా అన్నారే, ఆ ప్రశ్నలో మాత్రం పస ఉంది. దానికి జవాబు కర్రాబిళ్లలోనే ఉంది. ఎక్కువ అడిగి దొరికిపోతే ఉన్నంత దూరం ఇచ్చి సరిపెట్టారనుకోండి, ప్రతివాడూ ఎక్కువే అడుగుతాడు. దొరికితే పోయేదేమీ లేదు, దొరక్కపోతే లాభం. చూసేవాళ్లు నలుగురే ఉన్న ఆటలో మెత్తని శిక్ష పనిచేయదు. ఎక్కువ రాసుకున్నవాడికి అదే ఖాయం చేయడం కూడా ఊరికే కాదు. హ్యాండిక్యాప్‌ను చివరి ఇరవై రౌండ్లలో మెరుగైన ఎనిమిదింటి నుంచి లెక్కిస్తారు. స్కోరు కావాలని పెంచుకుని, హ్యాండిక్యాప్ పెద్దది చేసుకుని, పెద్ద పోటీలో బహుమతి కొట్టే ఘనులు ఉంటారు. ఇక్కడివాళ్లు వాళ్లను ముద్దుగా దొంగలనే పిలుస్తారు. అది వేరే నేరం, దానికి వేరే శిక్ష.

అలాగని నిబంధన రాతిమీద చెక్కినట్టు ఉండిపోలేదు. తప్పు జరిగిందని ఆటగాడికి తెలిసే వీలే లేనప్పుడు కూడా సంతకాన్ని పట్టుకుని వేటు వేయడం చాలాకాలం నడిచింది. 2011లో అబుదాబిలో హారింగ్టన్ వేలు తగిలి బంతి రవ్వంత కదిలిందని టీవీ చూసిన ప్రేక్షకుడొకరు రాస్తే, మర్నాడు ఆయన్ని తీసేశారు. ఆ గొడవతో అదే ఏడాది ఆ నియమాన్ని కొంత సడలించారు. 2013 మాస్టర్స్‌లో టైగర్ వుడ్స్ తప్పు చోట బంతి జారవిడిచి, ఆ పెనాల్టీ లేని కార్డుకు సంతకం పెట్టినా, కమిటీ తన వైపు లోపం కూడా ఉందని రెండు షాట్లు వేసి ఆడనిచ్చింది. పెద్ద ఆటగాడు కాబట్టి వదిలారని చాలామంది గొణిగారు. ఆ ఏడు గెలిచింది మన ఆడమ్ స్కాట్, మాస్టర్స్ గెలిచిన మొదటి ఆస్ట్రేలియన్. దాంతో ఇక్కడ ఆ గొణుగుడు ఎవరూ పట్టించుకోలేదు. 2016లో తెలియని పెనాల్టీకి వేటు తీసేసి, అదనంగా రెండు షాట్లు పెట్టారు. 2017లో లెక్సీ థాంప్సన్ ఒక పెద్ద టోర్నీలో ఆధిక్యంలో ఉండగా, ముందురోజు తప్పుకు రెండూ, తప్పు కార్డుకు రెండూ కలిపి నాలుగు షాట్లు పడి, ప్లేఆఫ్‌లో ఓడిపోయింది. అదీ టీవీ ప్రేక్షకుడి ఈమెయిల్ వల్లే. 2018 నుంచి పెద్ద పోటీల్లో అలాంటి ఫిర్యాదులు తీసుకోవడం మానేశారు, 2019 నిబంధనల్లో ఆ అదనపు శిక్ష కూడా పోయింది. ఇప్పుడు తెలియక వదిలేసిన పెనాల్టీ అయితే ఆ పెనాల్టీ మాత్రమే కలుపుతారు. స్టేబుల్‌ఫోర్డ్‌లో అయితే తప్పు రాసినా ఆ హోల్ పాయింట్లు మారకపోతే శిక్షే లేదు.

మా మిత్రుడికి ఈ మినహాయింపు ఎందుకు వర్తించలేదంటే, నీళ్లలో పడితే ఒక షాట్ కలపాలని అతనికి తెలుసు. తెలిసి మరచిపోయాడు. తెలియకపోవడం వేరు, మరచిపోవడం వేరు. ఈ గీత ఎక్కడ గీశారో చూస్తే మాకు ముచ్చటేసింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. వనభోజనాల్లో మేము ఇలా వాదిస్తుంటే ఒక కుర్రాడు, ఏడాది కిందట వచ్చినవాడు, ‘‘అయితే అన్నా, సంతకం పెట్టాక ఇంక అంతేనా?’’ అని అడిగాడు. వాడి మనసులో గోల్ఫ్ లేదు. పదిగంటలు పనిచేస్తే ఎనిమిదని రాసిన టైంషీటు మీద సంతకం పెట్టించుకున్నాడట ఒక సబ్‌కాంట్రాక్టరు. అంతే కాదు తమ్ముడూ, అది వేరు. గోల్ఫ్ కార్డు ఇద్దరు సమానుల మధ్య సంగతి. ఇద్దరి చేతిలోనూ పెన్సిల్ ఉంది, ఎవడి ఉద్యోగం ఎవడి చేతిలోనూ లేదు. జీతం దగ్గర అలా ఉండదు. ఇక్కడి చట్టం ప్రకారం కనీస వేతనాన్ని సంతకంతో వదులుకోవడం కుదరదు. గంటల లెక్కలు ఉంచాల్సింది యజమాని. ఉంచకపోతే, 2017లో చేసిన మార్పు తర్వాత, ఇవ్వాల్సింది ఇచ్చానని కోర్టులో రుజువు చేసుకోవాల్సిన భారం కూడా అతనిదే. ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, తెలుగు తప్ప ఏ భాషా రాకపోయినా దుబాసీ సాయం అడగొచ్చు. ఏ రోజు ఎన్ని గంటలు చేశావో నీ ఫోన్లో నువ్వు రాసుకో అని మాత్రం వాడికి గట్టిగా చెప్పాం. ఆ పుస్తకానికి మార్కర్‌వీ నువ్వే.

సైట్ మీద పనికి ముందు చదివి సంతకం పెట్టాల్సిన కాగితాన్ని అందరూ స్విమ్స్ అంటారు. ఏ ప్రమాదం ఎక్కడుంది, ఎలా తప్పించుకోవాలి అని ఉంటుంది. కొత్తగా వచ్చిన మనవాళ్లు దాన్ని చదవరు. ఇంగ్లిష్ రాక కాదు, అందరూ సంతకం పెట్టి వెళ్తుంటే తనొక్కడే ఆగి చదివితే బాగోదని. వెనక నిలబడ్డవాడు గొణుగుతాడని. గోల్ఫ్ కార్డు దగ్గరా మా మిత్రుడిది ఇదే వరస. పెద్దాయన రాసింది ఆయన ఎదురుగానే పైనుంచి కిందికి వేలు పెట్టి చూస్తే, ఆయన్ని నమ్మనట్టు ఉంటుందని మొహమాటపడ్డాడు. పెద్దల ముందు లెక్క సరిచూడకూడదన్న ఈ మర్యాద మనం ఇంటి నుంచి తెచ్చుకున్నదే. ఇక్కడ ఆ పెద్దాయన దీన్ని మర్యాద అనుకోడు. సరిచూడకపోతేనే, తను రాసినదాన్ని పట్టించుకోలేదని అనుకుంటాడు.

క్లబ్బులను కూడా ఒకమాట అడగాలి. కొత్త సభ్యుడు చేరినప్పుడు కాలర్ ఉన్న చొక్కా వేసుకోవాలని, ఫోన్ సైలెంట్‌లో పెట్టాలని, ఇసుక గుంటను చదును చేయాలని చెప్తారు. కార్డు సంగతి మాత్రం చెప్పరు. పుట్టినప్పట్నుంచీ ఇదే చూస్తూ పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. మాలాంటివాళ్లకు చెప్పాలి. పది నిమిషాల పని. మేము మా క్లబ్బు కార్యదర్శిని అడిగితే ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. ఇంతవరకూ ఎవరూ అడగలేదని అన్నాడు. ఇప్పుడు కొత్తవాళ్లకు మొదటి శనివారమే, ఆటకు ముందు, ఒక ఉత్త కార్డు ఇచ్చి చూపిస్తున్నారు. మేము దాన్ని తెలుగులో ఒక పేజీ రాసి పెట్టాం. పంజాబీ మిత్రుడొకరు తమవాళ్ల కోసం రాసుకుంటానని పట్టుకెళ్లాడు.

మా గుంపు ఇప్పుడు పద్దెనిమిదో గ్రీన్ దాటాక నేరుగా బారుకు పోవడం లేదు. చెట్టు కింద నిలబడి ఒక్కొక్కరి కార్డు ఒకటో హోల్ నుంచి పైకి చదువుతాం. ‘‘నాలుగు, ఐదు, ఐదు, ఏడు..’’ తెలుగులోనే. మార్కర్ ఆస్ట్రేలియన్ అయితే ఇంగ్లిష్‌లో. మొన్న పాత పెద్దాయనే మళ్లీ మా కరీంనగర్ మిత్రుడికి మార్కర్‌గా పడ్డాడు. పన్నెండో హోల్ దగ్గరకు రాగానే ఇద్దరూ ఒకేసారి ఆగారు. ఈసారి బంతి నీళ్లలో పడలేదు, నాలుగే.